చేతికి తెలుస్తుంది, రోబోకి తెలియదు

రాత్రి పూట కరెంటు పోతుంది. ఫోన్ ఎక్కడ పెట్టామో గుర్తుండదు. వంటింటి గూట్లో తడుముకుంటూ వెళ్తే వేళ్ళకి ముందు పసుపు డబ్బా తగులుతుంది, తర్వాత నూనె జిడ్డు అంటిన గరాటు, దాని వెనక పక్కన గరుకు పట్టీ ఉన్న చిన్న అట్టపెట్టె. లోపలి అర తోసి ఒక్క పుల్ల తీస్తాం. మందు ఎటువైపు ఉందో బొటనవేలు నిమిరి చెప్పేస్తుంది. గీస్తాం. పుల్ల విరగకుండా ఎంత గట్టిగా పట్టుకోవాలో, అంటుకోవాలంటే ఎంత ఒత్తాలో ఎవరూ లెక్క వేసుకోరు. కళ్ళకి ఏమీ కనపడలేదు, అయినా దీపం వెలిగింది.

ఇదే పనిని స్వీడన్‌లోని ఉమియో విశ్వవిద్యాలయంలో రోలాండ్ యోహాన్సన్ అనే శాస్త్రవేత్త మంచి వెలుతురులో చేయించి వీడియో తీశారు. మొదటిసారి మామూలుగా: పుల్ల తీయడం, గీయడం, కొన్ని సెకన్లలో అయిపోయింది. రెండోసారి వేలికొనలకి మాత్రం మత్తు ఇచ్చి అదే పని చేయమన్నారు. కండరాల్లో బలం అలాగే ఉంది, కళ్ళు చూస్తూనే ఉన్నాయి. అయినా పుల్ల వేళ్ళలోంచి జారుతుంది, పడిపోతుంది, మళ్ళీ తీస్తే తిరగబడుతుంది. వెలిగించడానికి మొదటిసారి కన్నా కొన్ని రెట్ల సమయం పట్టింది.

ఇవాళ్టి రోబోల్లో చాలావాటి చెయ్యి ఆ మత్తు ఇచ్చిన చెయ్యే. మోటార్లకి బలం ఉంది, కెమెరా కళ్ళున్నాయి, లెక్కలు కట్టే బుర్ర ఉంది. వేలికొన మాత్రం మొద్దుబారి ఉంది. దానికి స్పర్శ తెప్పించడానికి దాదాపు అందరూ పట్టుకున్న దారి మెత్తని, వంగే, సాగే సెన్సర్లు. ఆ మెత్తదనం లేకపోతే పని జరగదు. దానివల్లే సగం తలనొప్పులు కూడా.

వేలికొనలో ఏముంది

యోహాన్సన్, ఆయన సహచరుడు వాల్‌బో 1979లో కట్టిన లెక్క ప్రకారం మనిషి అరచేతి వైపు చర్మంలో ఒక్కో చేతికి సుమారు 17,000 స్పర్శ నాడులు ఉంటాయి. అవి నాలుగు రకాలు. మెర్కెల్ రకం నిలకడగా ఆనుకుని ఉన్న ఒత్తిడిని, అంచుల్ని, ఆకారాన్ని పసిగడుతుంది. మైస్నర్ రకం నెమ్మది అదుర్లకి, ముఖ్యంగా ఏదైనా జారడం మొదలైన క్షణానికి స్పందిస్తుంది. రుఫిని రకానికి చర్మం ఎటు సాగుతోందో తెలుస్తుంది. పాసీనియన్ రకం లోతుగా ఉండి సెకనుకి 200, 300 సార్లు కొట్టుకునే సన్నని కంపనాల్ని పట్టుకుంటుంది. పాయసం కలుపుతుంటే గిన్నె అడుగంటుతోందని గరిటె పట్టిన చేతికి ముందే తెలిసిపోతుంది కదా, అందులో ఈ నాలుగో రకానిది పెద్ద చెయ్యి. వేలు గిన్నెని తాకనే లేదు. గరిటె చివర్న జరిగింది అదురుగా పైకి వచ్చింది, అంతే.

అంటే స్పర్శ అని ఒక్క మాటలో అనేస్తున్నాం కానీ, అది కనీసం నాలుగు వేర్వేరు పనులు. రోబో వేలికి ఒత్తిడి కొలిచే బిళ్ళ ఒకటి అతికించి స్పర్శ వచ్చిందనడం, చెవికి బదులు 'శబ్దం ఉందా లేదా' చెప్పే బల్బు పెట్టడం లాంటిది.

చల్లటి మజ్జిగ పోసిన స్టీలు గ్లాసు పట్టుకున్నప్పుడు ఏం జరుగుతుందో చూడండి. బయట నీళ్ళు పట్టి గ్లాసు జారుతుంటుంది. మనం దాన్ని పూర్తి బలంతో నొక్కం. జారిపోకుండా ఉండటానికి ఎంత కావాలో అంత, దాని మీద ఇంకొంచెం, అంతే పట్టు పెడతాం. గ్లాసు కాస్త కదలగానే సెకనులో పదో వంతు కూడా గడవకముందే పట్టు దానంతట అదే బిగుస్తుంది. మనకి తెలిసేసరికి పని అయిపోయి ఉంటుంది. వస్తువు మొత్తం జారే ముందు తాకిన చోట అంచులు కొంచెం జారతాయి, మధ్య భాగం ఇంకా అంటుకునే ఉంటుంది. చర్మం కనిపెట్టేది ఆ తొలి జారుడుని. చర్మం మెత్తగా ఉంది కాబట్టే అంచులకీ మధ్యకీ ఆ తేడా వస్తుంది.

మెత్తదనం ఎందుకో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఒక చింతగింజని రెండు గోళ్ళ మధ్య పట్టుకోండి, తర్వాత అదే గింజని రెండు వేలికొనల కండ మధ్య పట్టుకోండి. గోళ్ళ మధ్య గింజ ఒకట్రెండు చుక్కల దగ్గరే తగులుతుంది, ఏ కాస్త పక్కకి ఒరిగినా ఎగిరిపోతుంది. కండ మధ్య అయితే చర్మం గింజ చుట్టూ ఒదుగుతుంది. పట్టూ దొరుకుతుంది, గింజ ఆకారమూ చర్మం మీద అచ్చు పడుతుంది. ఇనుప వేళ్ళ రోబోది ఎప్పుడూ గోళ్ళ బతుకే. కార్ల ఫ్యాక్టరీలో అదే చోట అదే వెల్డింగ్ రోజంతా పెట్టడానికి ఆ బతుకు చాలు, ఎందుకంటే అక్కడ ప్రతి వస్తువూ ఉండాల్సిన చోటే ఉండేలా మనుషులు ముందే ఏర్పాటు చేసిపెడతారు. ఉతికిన బట్టల బుట్టలోంచి సాక్సు తీయమంటే చాలదు.

రబ్బరు స్కేలుతో కొలత

ఇక్కడే చిక్కు మొదలవుతుంది. కొలిచే సాధనం కదలకుండా, మారకుండా ఉండాలని మనం కోరుకుంటాం. మెత్తని సెన్సరేమో కొలుస్తున్నప్పుడే తన ఆకారం మార్చుకుంటుంది. రబ్బరు స్కేలుతో గుడ్డ కొలిచినట్టు.

నాకు ఇది పుస్తకంలో చదివినప్పుడు అంతగా ఎక్కలేదు, చేసి చూసినప్పుడు ఎక్కింది. కార్బన్ పొడి కలిపిన నల్లటి ప్లాస్టిక్ షీటు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ఎలక్ట్రానిక్ భాగాలు చుట్టే నల్ల కవర్ల లాంటిది. రెండు రాగి టేపు ముక్కల మధ్య దాన్ని పెట్టి, కరెంటు కొలతలు చూపించే మల్టీమీటర్ తగిలించాను. వేలితో నొక్కితే రెసిస్టెన్స్, అంటే కరెంటుకి తగిలే అడ్డు, పడిపోతుంది. లోపలి కార్బన్ రేణువులు దగ్గరవుతాయి, షీటు రాగికి ఇంకా బాగా ఆనుకుంటుంది, దాంతో కరెంటుకి దారి సులువవుతుంది. ఐదు నిమిషాల్లో సెన్సర్ తయారు! ఆ ఉత్సాహంలో దాని మీద కిలో కందిపప్పు ప్యాకెట్ పెట్టాను. అంకె ఒక చోట ఆగాలి కదా. ఆగలేదు. ప్యాకెట్ కదలకుండా కూర్చుంది, అంకె మాత్రం మెల్లగా దిగుతూనే పోయింది. టీ తాగి వచ్చి చూసినా ఇంకా దిగుతోంది. ప్యాకెట్ తీసేశాక మొదటి అంకెకి వెనక్కి రావాలి. రాలేదు, దాని కింద ఎక్కడో నిలబడి బద్ధకంగా పైకి పాకడం మొదలుపెట్టింది.

అంటే ఏదో ఒక క్షణంలో మీటర్ చూపించిన అంకె చూసి 'దీని మీద కిలో ఉంది' అని చెప్పలేను. బరువు ఎంతసేపటి నుంచి ఉంది, దానికి ముందు ఏముంది అన్నది కూడా తెలియాలి. పెంచుతూ పోయేటప్పుడు ఒక లెక్క, తగ్గిస్తూ వచ్చేటప్పుడు ఇంకో లెక్క చూపించే ఈ గుణాన్ని ఇంజనీర్లు హిస్టరిసిస్ అంటారు. బరువు మారకపోయినా అంకె మారడాన్ని డ్రిఫ్ట్ అంటారు. సాగే పదార్థాలన్నిటికీ ఎంతో కొంత ఈ జబ్బు ఉంటుంది, వాటి పొడవాటి అణువుల గొలుసులు ఒకదాని మీదుగా ఒకటి నెమ్మదిగా జరుగుతూ సర్దుకుంటాయి కాబట్టి. నిజం చెప్పాలంటే మన చర్మానికీ ఉంది. పొద్దున పెట్టుకున్న వాచీ మధ్యాహ్నానికి ఉన్నట్టే అనిపించదు. తేడా ఏమిటంటే, మన మెదడు 'ఎంత' అన్నదాని కన్నా 'ఏం మారింది' అన్నదాన్ని ఎక్కువ పట్టించుకుంటుంది. రోబోలకి రాసే ప్రోగ్రాములు కూడా ఇప్పుడిప్పుడే ఆ దారి పడుతున్నాయి.

ఈ జబ్బుకి ఒక చక్కని మందు 2010లో స్టాన్‌ఫర్డ్‌లో జెనాన్ బావో బృందం కనిపెట్టింది. వాళ్ళ సెన్సర్ పని చేసేది కెపాసిటర్ లాగా: రెండు పలకలు, మధ్యలో పల్చని రబ్బరు పొర, నొక్కితే పలకలు దగ్గరై విద్యుత్తు నిలవ చేసుకునే శక్తి మారుతుంది. వినడానికి బాగుంది గానీ రబ్బరుకి ఒక మొండితనం ఉంది. నొక్కితే దాని పరిమాణం తగ్గదు, పక్కలకి ఉబ్బాలని చూస్తుంది. రెండు పలకల మధ్య అంతటా నిండుగా పరిచి ఉంటే పక్కకి పోవడానికి చోటేది? దాంతో బిర్రబిగుసుకుపోతుంది. బావో బృందం ఆ పొరని నున్నగా కాకుండా మైక్రోమీటర్ల కొలతలో చిన్న చిన్న పిరమిడ్ల వరసలుగా పోత పోసింది. పిరమిడ్ల మధ్య గాలి ఉంటుంది కాబట్టి ప్రతి మొనా సులువుగా అణుగుతుంది, వదలగానే చటుక్కున లేస్తుంది. ఆ సెన్సర్ మీద 20 మిల్లీగ్రాముల ఈగ వాలినా తెలిసింది. రబ్బరు అదే, కొత్త రసాయనమేమీ లేదు. మారింది దాని లోపలి ఆకారం ఒక్కటే. ఈ రంగంలో నాకు బాగా నచ్చిన ఉపాయాల్లో ఇది ఒకటి.

ఇంకా రకరకాల దారులున్నాయి. సిలికాన్ రబ్బరులో సన్నని గొట్టాలు చేసి గాలియం, ఇండియం కలిపిన ద్రవ లోహం నింపుతారు. మామూలు గది వేడిలో అది ద్రవంగానే ఉంటుంది కాబట్టి రబ్బరు ఎంత సాగినా తీగ తెగడం ఉండదు, సాగిన కొద్దీ రెసిస్టెన్స్ మారుతుంది. గ్లవ్స్‌కీ, మోకీలు వంపు కొలిచే పట్టీలకీ ఇది బాగా కుదురుతుంది.

కెమెరా లోపల ఉంటే

అన్నిటికన్నా వింత దారి అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ ఏడెల్సన్‌ది. ఆయన పేరు తెచ్చుకున్నది చూపు మీద పరిశోధనలతో. చదరంగం పలక మీద నీడ పడిన తెల్ల గడి, వెలుగులో ఉన్న నల్ల గడి ఒకే రంగు అని నిరూపించే ఆ ప్రసిద్ధ బొమ్మ ఆయన చేసిందే. తన పసిపిల్లలు లోకాన్ని చేతులతో ఎలా తెలుసుకుంటున్నారో గమనిస్తూ ఆయన స్పర్శ వైపు మళ్ళారు. చూపు తెలిసిన మనిషి కాబట్టి స్పర్శ సమస్యని తిప్పి చూపు సమస్యగా మార్చేశారు. 2009లో బయటికి వచ్చిన ఆ సెన్సర్ పేరు జెల్‌సైట్.

పారదర్శకంగా ఉండే మెత్తని జెల్ దిండు ఒకటి. దాని పై ముఖానికి పల్చగా లోహపు పూత. కింద కెమెరా, చుట్టూ వేర్వేరు దిక్కుల నుంచి ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎల్‌ఈడీ దీపాలు. దిండు మీద ఏదైనా ఒత్తితే పూత ఆ వస్తువు ఆకారంలో లోపలికి గుంట పడుతుంది. ఎరుపు దీపం వైపు వాలిన చోటు ఎర్రగా, నీలం వైపు వాలిన చోటు నీలంగా మెరుస్తుంది. అంటే బొమ్మలో ప్రతి చుక్క రంగూ అక్కడ ఉపరితలం ఎటు ఎంత వాలిందో చెప్పేస్తుంది. ఆ వాలులన్నీ కలుపుకుంటూ పోతే ఎత్తుపల్లాల పటం తయారు. డాలరు నోటు మీద ఉబ్బెత్తుగా నిలిచిన సిరా గీతలు కూడా దీనికి గుట్టల్లా కనిపిస్తాయి.

ఇందులో కిటుకు ఆ పూతలో ఉంది. మామూలు కెమెరాకి గాజు గ్లాసు, స్టీలు చెంచా అంటే టెన్షన్. ఒకటి కనపడదు, ఇంకొకటి మెరిసి బొమ్మంతా పాడుచేస్తుంది. ఇక్కడ కెమెరా వస్తువుని చూడదు. పూత వెనక వైపు పడిన అచ్చుని మాత్రమే చూస్తుంది. గాజైనా స్టీలైనా దానికి ఒకే రంగు. పైగా జెల్ మీద చిన్న చుక్కలు వేస్తే అవి పక్కకి ఎంత లాగబడ్డాయో చూసి, వస్తువు జారబోతోందని కూడా చెప్పొచ్చు. ముందు చెప్పుకున్న అంచుల జారుడే ఇక్కడ చుక్కల కదలికగా కనిపిస్తుంది. 2014లో ఈ సెన్సర్ ఉన్న రోబో, గాల్లో వేలాడుతున్న యూఎస్‌బీ కేబుల్‌ని పట్టుకుని పోర్టులో దూర్చింది. ప్లగ్గు తన వేళ్ళలో ఏ వాటంగా ఇరుక్కుందో దానికి అచ్చులో కనపడింది మరి. (మనం ఆ ప్లగ్గుని మూడుసార్లు తిప్పితే గానీ దూర్చలేం, అది వేరే సంగతి.)

లోపాలు కూడా తేలికవి కావు. కెమెరాకి కొంత దూరం కావాలి, దాంతో వేలు లావెక్కుతుంది. మామూలు కెమెరా సెకనుకి 30 బొమ్మలు తీస్తే, గరిటెలోంచి వచ్చే సెకనుకి 200 అదుర్లు దానికి అందవు. ఆకారం చూడటంలో ఇది మెర్కెల్ నాడుల్ని మించిపోయింది, పాసీనియన్ల దగ్గర గుడ్డిది.

ఆ అదుర్ల సంగతి పట్టించుకున్నది దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జెరాల్డ్ లోబ్ బృందం. వాళ్ళ బయోటాక్ వేలిలో రబ్బరు తోలు కింద ద్రవం ఉంటుంది, తోలు మీద మన వేలిముద్రల్లాంటి గీతలు. వేలిని ఒక వస్త్రం మీద జరిపితే గీతలు టకటకా తగిలి ద్రవంలో కంపనం పుడుతుంది, సెన్సర్ దాన్ని 'వింటుంది'. 2012లో 117 రకాల ఉపరితలాల్ని ఇది సుమారు 95 శాతం సరిగ్గా గుర్తుపట్టింది. అయితే ఊరికే ఆనిస్తే కాదు, జరిపితేనే. ఎంత ఒత్తి, ఎంత వేగంతో జరపాలో కూడా అది తనే ఎంచుకునేది. చీరల కొట్లో కొంగు పట్టుకున్నవాళ్ళెవరూ వేలిని కదలకుండా ఆనించి ఊరుకోరు, రెండు వేళ్ళ మధ్య నలుపుతారు. స్పర్శ మన మీదకి వచ్చి పడేది కాదు, మనం చెయ్యి చాపి అడిగి రాబట్టేది. సెన్సర్ ఎంత గొప్పదైనా, దాన్ని ఎలా కదపాలో తెలియని రోబోకి అది అలంకారమే.

వైర్లు, అరుగుదల

వేలికొన నుంచి ఒంటి మొత్తానికి వెళ్తే వేరే గోల. వెయ్యి చోట్ల స్పర్శ కావాలంటే వెయ్యి జతల వైర్లా? సులువైన మార్గం అడ్డగీతలు, నిలువుగీతలు: 32 అడ్డం, 32 నిలువు వైర్లు వేస్తే 1,024 కూడళ్ళు వస్తాయి, వైర్లు 64 చాలు. ఎం.ఐ.టి.లో సుబ్రమణియన్ సుందరం బృందం 2019లో అల్లిక గ్లవ్ మీద ఇలాగే 548 సెన్సర్లు అమర్చింది, ఖర్చు సుమారు 10 డాలర్లు. చిక్కేమిటంటే ఒక కూడలి దగ్గర నొక్కితే కరెంటు పక్క దారుల్లోంచి దొంగతనంగా తిరిగి వచ్చి, నొక్కని చోట కూడా నొక్కినట్టు చూపించగలదు. దాన్ని ఆపడానికి టోక్యోలో తకావో సోమెయా బృందం 2004లోనే వంగే ట్రాన్సిస్టర్లని వాడి చూపించింది, ప్రతి కూడలికీ ఒక గేటు కాపలా అన్నమాట. సింగపూర్‌లో బెంజమిన్ టీ బృందం 2019లో ఇంకో దారి తొక్కింది. అన్ని సెన్సర్లూ ఒకే ఉమ్మడి వైరు మీద, ఏదైనా తాకినప్పుడే తన సొంత గుర్తుతో 'నేనూ' అని పలుకుతాయి. వంతులవారీ హాజరు పిలుపు ఉండదు. మన నాడులు చేసేదీ దాదాపు అదే.

ఇంత సరంజామా నిజంగా కావాలా అని అనుమానం రావచ్చు. అన్ని పనులకీ అక్కర్లేదు. అమెరికాలో క్లీవ్‌లాండ్ పరిశోధకులు చెయ్యి కోల్పోయిన వ్యక్తికి కృత్రిమ హస్తం పెట్టి, అందులోని ఒత్తిడి సెన్సర్ సంకేతాన్ని మిగిలిన చేతిలోని నాడులకి అందించారు. కళ్ళకి గంతలు కట్టి, చెర్రీ పండు నలక్కుండా తొడిమ పీకమన్నారు. స్పర్శ లేనప్పుడు 43 శాతం సార్లు పండు దక్కింది, స్పర్శ ఇచ్చాక 93 శాతం. అందుకు 17,000 నాడులు అవసరం కాలేదు. ఎన్ని సెన్సర్లు అని అడిగేకన్నా ఏ పనికి అని ముందు అడగాలనిపిస్తుంది నాకు. డెమో వీడియోల్లో రోబో కోడిగుడ్డు పట్టుకుంటే నేను పెద్దగా ఆశ్చర్యపోను. గుడ్డు ఎక్కడుందో ముందే తెలిస్తే, మెత్తని వేళ్ళుంటే, సెన్సర్ లేకపోయినా పట్టుకోవచ్చు. తడి గుడ్డుని చేతిలో పెట్టి మెల్లగా లాగితే ఏం చేస్తుందో చూపించమనాలి.

ఇంకో కొరత గురించి తక్కువ మాట్లాడుకుంటున్నాం. కంప్యూటర్లకి చూడటం, రాయడం నేర్పడానికి ఇంటర్నెట్ నిండా ఫొటోలు, అక్షరాలు దొరికాయి. తాకిన అనుభవాన్ని ఎవరూ ఎప్పుడూ అప్‌లోడ్ చేయలేదు. సుందరం బృందం గ్లవ్ తొడిగి 26 వస్తువుల్ని పట్టుకుని 1,35,000 ఫ్రేములు, అంటే ఒక్కో క్షణపు ఒత్తిడి పటాలు, పోగేసుకోవాల్సి వచ్చింది. పైగా ఆ డేటా ఆ గ్లవ్ భాషలోనే ఉంటుంది. జెల్‌సైట్ చెప్పేది బొమ్మ, బయోటాక్ చెప్పేది కంపనం, నల్ల షీటు చెప్పేది రెసిస్టెన్స్. ఒకటి నేర్చుకున్నది ఇంకోదానికి నేరుగా పనికిరాదు.

చివరికి అరుగుదల. మెత్తనిది త్వరగా అరుగుతుంది, చిరుగుతుంది. బావో బృందం 2012లో నికెల్ రేణువులు కలిపిన ఒక పదార్థం చేసింది. కోసి మళ్ళీ కలిపి నొక్కితే 15 సెకన్లలో దాని విద్యుత్ ప్రసారం 90 శాతం దాకా తిరిగొచ్చేది. కానీ ఇవాళ రోబో వేళ్ళ మీద వాడుతున్న సెన్సర్లకి జెల్ పాడైతే కొత్తది తొడగడమే. తొడిగితే గొడవ తీరుతుందా అంటే, కొత్త జెల్ పాతదానిలా అచ్చం ఉండదు. నేర్చుకున్న ప్రోగ్రాం తడబడుతుంది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం, ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా కలిసి 2021లో చూపించిన రీస్కిన్ ఈ గొడవకి ఒక జవాబు. అయస్కాంత రేణువులు కలిపిన 2, 3 మిల్లీమీటర్ల రబ్బరు పొర పైన ఉంటుంది, అయస్కాంత క్షేత్రంలో మార్పుని చదివే చిప్పులు కింద ఉంటాయి, రెండిటి మధ్య ఒక్క వైరూ ఉండదు. వంద చేస్తే ఒక్కోటి ఆరు డాలర్ల లోపు, 50,000 తాకిళ్ళకి పైగా ఓర్చుకుంటుందని చెప్పారు. దాని తమ్ముడిలా 2024లో వచ్చిన ఎనీస్కిన్‌లో పై పొరని దిండు గలేబులా తీసి వేరేది తొడగొచ్చు, పాత పొర మీద నేర్చుకున్నది కొత్త పొర మీద కూడా చాలావరకు నడుస్తుంది.

నా నల్ల షీటుకి అంత భాగ్యం లేదు. సొరుగులో మడతపడి ఒక మూల గీత వచ్చింది. ఇప్పుడు మీటర్ తగిలిస్తే, ఎవరూ ముట్టుకోకపోయినా ఆ గీత దగ్గర ఎవరో వేలు పెట్టినట్టే చూపిస్తోంది.